పల్చటి పైపు

మా ఆయనకు జబ్బు చేశాక నాలుగేళ్ళ పాటు మేము ఇంటికి నలభై నిమిషాల దూరం దాటి వెళ్ళలేదు. ఆ నలభై నిమిషాలైనా దారిలో బాత్‌రూములు ఎక్కడెక్కడున్నాయో ముందే చూసుకుని వెళ్ళినవే. కెనడాలోని మిల్టన్‌లో మా టౌన్‌హౌస్ నుంచి మిస్సిసాగాలో నా ఆఫీసు దాకా ఏ కాఫీ దుకాణం ఎన్నింటికి తెరుస్తారో, ఏ పెట్రోల్ బంకులో తాళంచెవి అడిగి తీసుకోవాలో ఆయనకు కంఠతా వచ్చు. పెద్దపేగు లోపలంతా పుండ్లు పడే జబ్బు అది. మందులు పనిచేస్తే నెలల తరబడి మామూలుగా ఉంటుంది. తిరగబెట్టిందంటే రోజుకు పది, పన్నెండు సార్లు. వచ్చిందంటే రెండు నిమిషాలు ఆగదు.

ఈ సంగతి ఆయన డాక్టరుకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే ఆఫీసు పని అనేవాడు. పండక్కి హాలు తీసుకుని అందరూ కలిసినప్పుడు కడుపులో మంట అని చెప్పి పెరుగన్నంతో సరిపెట్టుకునేవాడు. మా అక్క ఫోనులో, “మరిదిగారికి మా మీద కోపమా?” అని అడిగింది ఒకసారి. నేను ఏదో చెప్పి మాట మార్చాను. చెప్పొద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకోలేదు గానీ, చెప్తే ఎంత నొచ్చుకుంటాడో నాకు తెలుసు.

ఆర్‌వీ, అంటే లోపలే మంచమూ వంటగదీ బాత్‌రూమూ ఉండే బండి, కొందామన్నది నా ఆలోచనే. ఒక శుక్రవారం 401 హైవే మీద ట్రాఫిక్ ఆగిపోతే, నా కారు ముందు అరగంట సేపు ఒక ఆర్‌వీ నిలబడి ఉంది. దాని వెనక కిటికీ పక్కన చిన్న గాలిగొట్టం కనిపించింది. అది బాత్‌రూముదని తట్టేసరికి నాకు మిగతా ప్రయాణం తెలియలేదు. ఇంటికెళ్ళి చెప్పాను. బాత్‌రూము కోసం వెతుక్కోవడమెందుకు, బాత్‌రూమునే వెంట తీసుకుపోదాం అన్నాను. మూడోరోజు నుంచి ఆయన ల్యాప్‌టాప్‌లో ఆర్‌వీల వీడియోలు తప్ప వేరే ఏమీ చూడలేదు.

గ్వెల్ఫ్ అవతల ఒక ఊళ్ళో, బడిపంతుళ్ళుగా చేసి రిటైరైన దంపతుల దగ్గర పాతది కొన్నాం. లారీ ముందుభాగానికి చిన్న ఇల్లు అతికించినట్టుంటుంది. ఆవిడ నాకు స్టవ్వూ ఫ్రిజ్జూ చూపిస్తుంటే, ఆవిడ భర్త మా ఆయన్ని వెనక్కి తీసుకెళ్ళి కింద ఉన్న రెండు పిడులు చూపించాడు. నల్ల పిడి లాగితే బాత్‌రూము ట్యాంకు ఖాళీ అవుతుంది. బూడిదరంగు పిడి లాగితే సింకు నీళ్ళు, స్నానం నీళ్ళు పోతాయి. ముందు నల్లది లాగాలి, తర్వాత బూడిదరంగుది. ఆ సబ్బునీళ్ళతో పైపు దానంతటదే కడుక్కుంటుంది. వెనక బంపరు డొల్లగా ఉంది. మూత తీసి దాంట్లోంచి ఒక పాత పైపు బయటికి లాగాడాయన. మూడుచోట్ల టేపు చుట్టి ఉంది. మొట్టమొదట ఇది మార్చుకోండి అని చెప్పాడు.

అక్కడి నుంచి తిరిగొస్తూనే మాకు గొడవ మొదలైంది. ట్యాంకు పని నేను చేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

“అది నా పని. నేనే చూస్కుంటా.”

“ఇంట్లో బాత్‌రూము కడగట్లేదా నేను?”

“అది వేరు,” అన్నాడు. ఏం వేరో చెప్పలేదు. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో మూడేళ్ళు పక్కపక్కన కూర్చుని పనిచేశాం మేము. అప్పట్నుంచీ ఆయన అంతే. ఒక్క మాటతో తలుపు వేసేస్తాడు.

ఆ శనివారం పైపు కొనడానికి వెళ్ళాం. హైవే పక్కన పెద్ద షెడ్డులో, ఆర్‌వీ సామాన్లు మాత్రమే అమ్మే దుకాణం. ఒక గోడ నిండా పైపులే. ఇన్ని రకాలుంటాయని నేననుకోలేదు. దుకాణంలో మెడకు కళ్ళజోడు వేలాడేసుకున్న ఒక పెద్దమనిషి మా దగ్గరికి వచ్చాడు. మా ఆయన ఫోనులో రాసుకొచ్చిన ప్రశ్నలు ఒక్కొక్కటే అడుగుతుంటే, విసుక్కోకుండా జవాబులు చెప్పాడు. పొడుగు పైపు ఒకటి కాకుండా పదేసి అడుగులవి రెండు తీసుకోండి, దగ్గరైతే ఒకటే వాడొచ్చు, ఒకటి పాడైతే రెండోది ఉంటుంది అన్నాడు. కొసన వంపు ముక్క గాజులా కనబడేది తీసుకోండి, లోపల నీళ్ళు తేటపడ్డాయో లేదో తెలుస్తుంది అన్నాడు. బండికి తగిలించే చోట చెవుల్లాంటి కొక్కేలుంటాయి, అవి పట్టుకుని తిప్పితే టక్కుమని చప్పుడు రావాలి, రాలేదంటే పిడి ముట్టుకోవద్దు అన్నాడు. తాగేనీళ్ళ పైపునూ దీన్నీ ఒకే పెట్టెలో పెట్టొద్దు అని రెండుసార్లు చెప్పాడు.

తర్వాత రెండు పైపులు బల్లమీద పెట్టి, రెండింటినీ బొటనవేలితో నొక్కాడు. దళసరిది మళ్ళీ పైకి లేచింది. పల్చటి దాని మీద సొట్ట అలాగే ఉండిపోయింది. ఎక్కడికి వెళ్తారని అడిగాడు. సెప్టెంబరు ఆఖర్లో సుపీరియర్ సరస్సు వైపు అన్నాం. అయితే ఈ పల్చటిది వద్దు, చలికి గట్టిపడి మడతల దగ్గర పగులుతుంది అన్నాడు.

సరిగ్గా అప్పుడు మా ఆయన నుదుటి మీద చెమట చూశాను. ఫోను నా చేతిలో పెట్టి, షెడ్డు ఆ చివరికి దాదాపు పరిగెత్తుతున్నట్టు వెళ్ళిపోయాడు. దుకాణం ఆయన అటు చూసి, నావైపు చూసి, అంతా బాగానే ఉందా అని అడిగాడు. బాగానే ఉంది అన్నాను.

ఆ తర్వాత నేను చేసింది రాయాలంటే ఇప్పటికీ చెయ్యి వెనక్కి పోతుంది. దళసరి పైపులు రెండూ మా బంపరులో పట్టవు, వాటికి వేరే పెట్టె కావాలి, దాన్ని ఎక్కడ పెట్టాలో చూడాలి. పల్చటిది ఒక సంచిలో అన్నీ కలిపి కట్టి చేతికందేలా ఉంది. తేలిగ్గా ఉంది. వారానికోసారి వాడేదానికి ఇంత ఆలోచనెందుకు అనుకున్నాను. ఆయన తిరిగొచ్చి మళ్ళీ ఈ మనిషి ఎదుట నిలబడే అవసరం లేకుండా, కారు స్టార్ట్ చేసి పెట్టాలనుకున్నాను. నాకు అలా చెప్పుకున్నాను గానీ, నిజానికి నాకు విసుగొచ్చింది. నాలుగేళ్ళుగా దుకాణాల్లో, గుడిలో, బంధువుల ఇళ్ళలో ఇలా ఒక్కదాన్నే నిలబడి “బాగానే ఉంది” అని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. అక్కడి నుంచి బయటపడితే చాలనిపించింది. పల్చటి సంచి తీసి కౌంటరు మీద పెట్టాను. దుకాణం ఆయన కళ్ళజోడు పెట్టుకుని నన్నొకసారి చూశాడు. చలిలో దీన్ని మడిచి ఉంచకండి అని మాత్రం అన్నాడు.

కార్లో మా ఆయన సంచి చూసి, “ఆయన చెప్పిందేనా ఇది?” అని అడిగాడు.

“ఊఁ, అదే,” అన్నాను.

ఎండాకాలంలో రెండు వారాంతాలు దగ్గర్లోని పార్కులకు వెళ్ళాం. పైపు బాగానే పనిచేసింది. కొత్త మందు పడి ఆయన కూడా బాగున్నాడు. నేను ఆ అబద్ధం మరిచిపోయాను.

సెప్టెంబరు ఆఖరి వారంలో బయల్దేరాం. రెండు రోజులు డ్రైవ్ చేసి, వావా ఊరికి ఇవతల, సరస్సు ఒడ్డున ఉన్న పార్కు చేరుకున్నాం. మేపుల్ చెట్లు ఎర్రబడ్డాయి. సరస్సు సముద్రంలాగే హోరు పెడుతోంది. మొదటిరోజు ఆయన రాళ్ళ మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తూ గంట సేపు లేవలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రెండోరోజు నుంచి ఏదో తేడా కనిపించింది. పెరుగన్నం సగం వదిలేశాడు. నడుద్దాం రమ్మంటే నువ్వెళ్ళు, నేను చదువుకుంటా అన్నాడు. నేను తిరిగొచ్చేసరికి మంచం మీద కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. అడిగితే చలి అన్నాడు.

ఆర్‌వీలో స్టవ్వు పైన ఒక చిన్న బోర్డు ఉంటుంది. మీట నొక్కితే ఏ ట్యాంకు ఎంత నిండిందో దీపాలు చెప్తాయి. ఇద్దరికి వారం సరిపోవాల్సిన ట్యాంకు. మూడోరోజు పొద్దున టీ పెడుతూ మీట నొక్కాను. బాత్‌రూము ట్యాంకు దీపాలన్నీ వెలిగాయి. నిండిపోయిందని అర్థం. ఏంటిది అని అడిగితే, లోపల టాయిలెట్ కాగితం ఏదో అతుక్కుని ఉంటుంది, పాత బండ్లలో ఈ దీపాలు అబద్ధం చెప్తాయి అన్నాడు. నిజమే, వీడియోల్లో కూడా అలాగే చెప్పారు. నేను నమ్మాలనుకున్నాను కాబట్టి నమ్మాను.

ఆదివారం పొద్దున బాత్‌రూములో కమోడ్ కన్నంలోంచి కిందికి చూస్తే ట్యాంకులో మట్టం జానెడు దూరంలో ఉంది. దీపాలు అబద్ధం చెప్పలేదు.

“ఎన్ని సార్లు వెళ్తున్నావు?” అని అడిగాను.

“మామూలే.”

“ఎన్ని సార్లని అడిగాను.”

“లెక్కపెట్టలేదు,” అన్నాడు. తిన్న ఇడ్లీలు కూడా ఫోనులో రాసుకునే మనిషి.

మేమున్న చోట కరెంటు ఉంది గానీ మురుగు కలిపే ఏర్పాటు లేదు. పార్కు గేటు దగ్గర డంపింగ్ స్టేషన్ అని ఒకటుంటుంది. వెళ్ళిపోయేవాళ్ళంతా అక్కడ ట్యాంకులు ఖాళీ చేసుకుని వెళ్తారు. మేము ఇంకో రెండు రోజులు ఉండాల్సింది. కానీ ట్యాంకు ఖాళీ చేస్తే తప్ప ఆయనకు బాత్‌రూము లేదు. గబగబా సామాన్లు సర్ది బయల్దేరాం. అద్దం మీద మంచు గట్టిగా పేరుకుని ఉంది.

అక్కడ చూస్తే రెండు వరసల్లో ఒకటి మూసేశారు. ఉన్న ఒక్క వరసలో మా ముందు నాలుగు బండ్లు. ఒక్కో బండికి పది నిమిషాలు. ఆయన స్టీరింగు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఆగగలవా అని అడిగాను. ఆగుతా అన్నాడు. మూడో బండి వెళ్ళేసరికి కళ్ళు మూసుకుని నోటితో గాలి పీలుస్తున్నాడు. మా వెనక ఇంకో అయిదారు బండ్లు చేరాయి.

మా వంతు వచ్చింది. నువ్వు లోపల కూర్చో, నేను చేస్తాను అన్నాను. వినలేదు. చేతులకు తొడుగులు వేసుకుని దిగాడు. బంపరు మూత తీసి పైపు లాగాడు. మూడు వారాలుగా మడతపడి ఉన్నది, చలికి ఎండు తోలులా బిర్రబిగుసుకుపోయింది. సాగదీస్తుంటే కరకరమని చప్పుడు వచ్చింది. నాకు ఆ దుకాణం, ఆ బొటనవేలు గుర్తొచ్చాయి. చెప్పాలనుకున్నాను. వెనక ఎవరో ఇంజను పెంచారు. చెప్పలేదు.

ఆయన కొక్కేలు తిప్పాడు. టక్కుమన్న చప్పుడు నేను స్పష్టంగా విన్నాను. నేను అవతలి కొస నేలలోని రంధ్రంలో పెట్టి, ఇనుప మూత దానిమీదికి వాల్చి, కాలితో అదిమి పట్టాను. ఆయన నల్ల పిడి లాగాడు.

పైపు ఒక్కసారి ఎగిరిపడింది. మూడు నాలుగు క్షణాలు బాగానే పోయింది. తర్వాత బండికి రెండడుగుల దూరంలో, ఒక మడత దగ్గర, చిన్న చీలిక కనిపించింది. చూస్తూండగానే అది జానెడైంది. మురుగు పక్కకి చిమ్మి ఆయన ప్యాంటు మీద, బూట్ల మీద పడింది.

మూసెయ్యమని అరిచాను. ఆయన పిడి లోపలికి తోశాడు. సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపల కాగితం ముద్ద అడ్డం పడింది. బలమంతా పెట్టి తోసినా కదల్లేదు. కాంక్రీటు రంధ్రం వైపే వాలి ఉంటుంది గానీ, చీలిక పక్కకి ఉండడంతో మురుగు కాంక్రీటు దాటి కంకర మీదికి పారుతోంది. కంకర అవతల చిన్న కాలవ. ఆ కాలవ వాగులోకి, వాగు సరస్సులోకి. మేము వచ్చినరోజు ఆ వాగు పక్కనే నడిచాం.

నేను మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో చీలికను పట్టుకున్నాను. అంత చలిలో అది చేతులకు వెచ్చగా తగిలింది. వేళ్ళ సందుల్లోంచి కారుతూనే ఉంది గానీ చిమ్మడం ఆగింది. చేతులు తీస్తే మళ్ళీ మొదలవుతుంది. వెనక హారన్ మోగింది.

సరిగ్గా మా వెనక బండి ఒక ముసలాయనది. పెద్ద ట్రక్కుకు పొడవాటి ట్రైలరు తగిలించుకుని ఒక్కడే వచ్చాడు. బూట్లు చప్పుడు చేసుకుంటూ మా వైపు వచ్చాడు. కొడతాడేమో అన్నంత కోపంగా ఉన్నాడు. మమ్మల్ని చూడనైనా చూడకుండా నేరుగా కంకర దగ్గరికెళ్ళి, కాళ్ళతో కంకర తోసి కాలవకు అడ్డంగా గట్టు వేయడం మొదలుపెట్టాడు. వేస్తూనే తిడుతున్నాడు. ఇలాంటి పైపు ఎవడమ్మాడు మీకు, ఎవరు కొన్నారు, చిన్నపిల్లల బొమ్మలా ఉంది అన్నాడు. నేను తల దించుకుని పైపు పట్టుకునే ఉన్నాను.

అతని వెనక బండిలోంచి ఒకావిడ దిగి, ఫోను పైకెత్తి మమ్మల్ని వీడియో తీస్తోంది. మా ఆయన అది చూశాడు. తొడుగులు విప్పి నేల మీద పడేశాడు. తడిసిన ప్యాంటుతో ఆవిడ వైపు నాలుగడుగులు వేశాడు. నాకు భయమేసింది. ఆయన ఎవరినైనా గట్టిగా అంటాడని కాదు. ఏమీ అనకుండా అలా నిలబడిపోతాడేమోనని.

“నాకు పేగుల జబ్బుంది,” అన్నాడు ఇంగ్లీషులో, అందరికీ వినబడేలాగా. “ఇదంతా నాదే. మా పైపు పగిలింది. మేమే శుభ్రం చేస్తాం. దయచేసి అది తీయకండి.”

ఆవిడ ఫోను దించింది. క్షమించమని అనలేదు. వెళ్ళి బండిలో కూర్చుంది.

నాలుగేళ్ళుగా మా అక్కకు, తన సొంత అన్నయ్యకు, పక్కింటివాళ్ళకు చెప్పని మాట. నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు తిరిగాడు. ఆ ముఖం నాకు తెలుసు. నడుము దగ్గర వంగిపోయాడు. మా బాత్‌రూము వాడడానికి లేదు, పైనుంచి ఏది పడినా నా చేతుల్లోంచే బయటికి వస్తుంది. పార్కు బాత్‌రూములు కొండ దిగి అరకిలోమీటరు.

ముసలాయన గట్టు వేయడం ఆపి ఆయన్ని చూశాడు. ఒక్క క్షణమే. తన ట్రైలరు దగ్గరికెళ్ళి తలుపు తీసి, మెట్టు కిందికి లాగాడు. “ఎడమవైపు,” అన్నాడు. “నేనూ ఎలాగూ దీన్ని ఖాళీ చేయాలి కదా.”

మా ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. పరవాలేదు వెళ్ళు అన్నట్టు ముసలాయన చెయ్యి ఊపాడు. ఆయన బూట్లు బయటే విప్పి లోపలికి వెళ్ళాడు.

అక్కడ కూర్చుని ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. చేతులు తిమ్మిరెక్కాయి. ముసలాయన వచ్చి పిడి దగ్గర వంగి, పూర్తిగా బయటికి లాగుతాను, ఒక్క క్షణం గట్టిగా పట్టుకో అన్నాడు. లాగగానే పైపు నా చేతుల్లో బలంగా కొట్టుకుంది. వెంటనే ఒక్క తోపు తోశాడు. కాగితం కొట్టుకుపోయి పిడి పూర్తిగా మూసుకుంది. ఇక వదిలెయ్ అన్నాడు. వేళ్ళు విప్పడానికి కొంచెం సేపు పట్టింది.

అప్పటికి ఎవరో చెప్పినట్టున్నారు, పార్కు ఉద్యోగిని ఒకామె ట్రక్కులో వచ్చింది. నడివయసు మనిషి. కంకర చూసింది, గట్టు చూసింది, కాలవ వెంట కొంతదూరం నడిచి చూసి వచ్చింది. కాలవలోకి చేరలేదంది. మురుగు పడ్డ చోటల్లా సున్నం చల్లింది. తర్వాత కాగితాల అట్ట తీసి, ఎలా జరిగిందో చెప్పమంది. మా ఆయన అప్పటికే తిరిగొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“నేను కొక్కేలు సరిగ్గా తిప్పలేదు,” అన్నాడు. “తప్పు నాది.”

ఆమె రాసుకోబోయింది. ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఆయన జీవితాంతం అలాగే అనుకునేవాడు.

“ఆయన సరిగ్గానే తిప్పారు,” అన్నాను. “నేను విన్నాను. పైపు పల్చటిది. చలికి పగులుతుందని దుకాణంలో చెప్పినా నేనే అది కొన్నాను. ఆయనకు తెలియదు.”

మా ఆయన నా వైపు చూడలేదు. ఆమె అంతా రాసుకుంది. చేతులు బాగా కడుక్కోమని నాకు చెప్పింది.

ముసలాయన తన పైపు తెచ్చి మా బండికి తగిలించాడు. గోధుమరంగుది, చెయ్యంత మందంగా ఉంది. నాలుగు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ అయిపోయింది. దాన్ని కడిగి ఇస్తాను అంటే వద్దని తనే కడుక్కున్నాడు. మేము కృతజ్ఞతలు చెప్తే, వెళ్ళండి, నా వెనక చాలామంది ఉన్నారు అన్నాడు. కోపం అప్పటికీ పూర్తిగా పోలేదు.

డ్రైవరు సీట్లో నేను కూర్చున్నాను. ఆ బండి నేనెప్పుడూ హైవే మీద నడపలేదు. ఆయన పక్క సీట్లోకి ఎక్కాడు. కొండల మధ్య ఒక్కటే రోడ్డు. ఎదురుగా కలప లారీలు వస్తుంటే బండి మొత్తం ఊగుతోంది. ఇరవై కిలోమీటర్లు అలాగే పోయాం.

“ఇరవై రెండు,” అన్నాడు.

“ఏంటి?”

“నిన్న. ఇరవై రెండు సార్లు. రక్తం పడుతోంది. నాలుగు రోజులైంది.”

బండి ఆపడానికి చోటు లేదు. ఆపి ఏం చేస్తాను కూడా. బయల్దేరక ముందే మొదలైందా అని అడిగాను. కొంచెం అన్నాడు. ఆగిపోతుందనుకున్నాడట. నువ్వు అంత సంతోషంగా సర్దుతుంటే చెప్పబుద్ధి కాలేదు అన్నాడు. నేను రోడ్డు మీదే చూపు పెట్టి, ఆసుపత్రి సూ సెయింట్ మరీ అనే ఊళ్ళో ఉంది, రెండు గంటలు, మధ్యలో ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఆపుతాను అని చెప్పాను. మూడుసార్లు ఆపాను. మూడోసారి ఆయన బయటికి రావడం ఆలస్యమైతే తలుపు కొట్టాను. “ఉన్నా,” అన్నాడు లోపలి నుంచి.

ఆసుపత్రిలో వెంటనే చేర్చుకున్నారు. చేతికి సెలైను, దాంట్లోంచి స్టెరాయిడ్లు. రెండు రోజుల్లో తగ్గకపోతే పేగు తీసేయడం గురించి మాట్లాడాలి అని డాక్టరు చెప్పింది. నేను ఊరి చివర ఒక చిన్న క్యాంపుగ్రౌండ్‌లో బండి పెట్టుకుని, రోజూ టాక్సీలో వెళ్ళొచ్చాను. మొదటిరోజు ఆయన నాతో అవసరమైనవే మాట్లాడాడు. నీళ్ళు. చార్జరు. రెండోరోజు మధ్యాహ్నం కిటికీ వైపు చూస్తూ, “దుకాణంలో ఆయన ఏం చెప్పిండు అసలు? మొత్తం చెప్పు,” అన్నాడు.

చెప్పాను. బొటనవేలి సొట్ట, చలి, మడతలు, అన్నీ. తర్వాత కష్టమైనది కూడా చెప్పాను.

“నీ కోసమని అనుకున్నా గానీ కాదు. ఆ రోజు నాకు విసుగొచ్చింది. నీ జబ్బంటేనే విసుగొచ్చింది. అక్కణ్ణుంచి బయటపడాలనిపించింది.”

సెలైను యంత్రం చప్పుడు వింటూ కూర్చున్నాను. లేచి వెళ్ళిపొమ్మంటాడేమో అనుకున్నాను.

“నాక్కూడా అదంటే విసుగే,” అన్నాడు చివరికి.

ఆ సాయంత్రం డాక్టరు వచ్చి, రక్తం తగ్గుతోంది, ఆపరేషన్ మాట ప్రస్తుతానికి పక్కన పెడదాం అని చెప్పింది.

మర్నాడు నేను ఆ ఊళ్ళో పైపు కొనడానికి వెళ్ళాను. ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్కటీ విప్పించి, నొక్కి, వంచి చూశాను. మడత దగ్గర తెల్లగా గీత పడితే పక్కన పెట్టాను. కొక్కేలు తిప్పి చూశాను, ఒక రకం చేతిలోనే వదులుగా ఆడింది. పదడుగులవి రెండు, రెండు కొసలకూ మూతలున్నవి, లోపల కనబడే వంపు ముక్క, పైపు కింద ఆనించడానికి మడతలు మడతలుగా తెరుచుకునే స్టాండు. పెట్టడానికి మూతున్న ప్లాస్టిక్ పెట్టె. దుకాణంలోంచి ఫోను చేస్తే, మంచం మీంచి మా ఆయన, “మందం ఎంతో చదువు,” అన్నాడు. చదివాను. లోపల తీగ ఉందా అని అడిగాడు. ఉందన్నాను. తీసుకో అన్నాడు.

ఆరోరోజు పొద్దున ఆసుపత్రి నుంచి పంపారు. మనిషి సగమయ్యాడు. క్యాంపుగ్రౌండ్‌లో మా బండి పక్కనే నేలలో మురుగు రంధ్రం ఉంది. కొత్త పైపు మొదట సింకు నీళ్ళతో పరీక్ష చేసి చూశాను, ఎక్కడా చుక్క కారలేదు. పదకొండింటికి చోటు ఖాళీ చేయాలి. ఆయన మడత కుర్చీలో ఎండలో కూర్చున్నాడు. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

“నువ్వే చెయ్యి,” అన్నాడు.

తొడుగులు వేసుకుని కొక్కేలు తిప్పాను. టక్కుమంది. నల్ల పిడి లాగాను. వంపు ముక్కలో మురుగు పోతుంటే చూస్తూ నిలబడ్డాను. అది పలచబడి ఆగాక పిడి మూసి, బూడిదరంగుది లాగాను. సబ్బునీళ్ళు నురగతో పోయాయి. పైపు విప్పి, రెండు కొసలూ పైకెత్తి కడిగి, మూతలు పెట్టి, పెట్టెలో సర్దాను. చేతులు మూడుసార్లు కడుక్కుని వచ్చేసరికి ఆయన కుర్చీలోనే నిద్రపోయాడు, నోరు కొద్దిగా తెరుచుకుని. పదకొండున్నరకు క్యాంపుగ్రౌండ్ యజమాని వచ్చి ఆయన్ని చూసి, ఏమీ అడగకుండా వెనక్కి వెళ్ళిపోయాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఆయన లేచేసరికి ఒంటిగంట దాటింది.